రంగం లెక్కలో హారం ఏది?

పోయిన ఎపిసోడ్‌లో రంగం ఓడల గురించి మాట్లాడుకున్నాం కదా. అది విని దుబాయ్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, చరిత్ర బాగా చెప్పారు. మధ్యలో లాటరీ లెక్క ఒకటి చెప్పి గబగబా దాటేశారు. మా రూములో ఎనిమిది మందిమి నెలనెలా చందాలు వేసుకుని టికెట్ కొంటున్నాం. ఆ లెక్క కాస్త నెమ్మదిగా రాసి పెట్టండి" అన్నాడు. అందుకే ఎపిసోడ్ మాటలు యథాతథంగా కాకుండా, ఈసారి కొంచెం కూర్చుని రాస్తున్నాను. నైట్ డ్యూటీ అయ్యాక చదువుకోండి, తొందరేం లేదు.

నేను ఉండేది యాంగోన్‌లో. మన ఉత్తరాంధ్ర ముసలివాళ్లకి యాంగోన్ అంటే తెలీదు. రంగూన్ అన్నా అరకొరే. "రంగం" అంటే మాత్రం వెంటనే తెలుస్తుంది. పగలంతా ఆఫీసులో పద్దులు రాస్తాను. ఆదివారాలు మా వీధిలో నలుగురైదుగురు పిల్లలకి లెక్కలు చెప్తాను. వాళ్లలో ఒక పాప ఉంది, పదమూడేళ్లది. వాళ్ల ముత్తాతలది శ్రీకాకుళం వైపు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సగం బర్మా మాటలు కలిపి. వాళ్ల నాన్న బియ్యం కొట్లో గుమస్తా.

ఒక ఆదివారం ఆ పాప నన్ను అడిగింది: "మాస్టారూ, నాన్న రోజూ 47 మీద డబ్బు కడుతున్నాడు. అది ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందే కదా?"

టూడీ అంటే ఏమిటి

యాంగోన్‌లో టీకొట్టు దగ్గర మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి అందరూ ఫోన్లు చూస్తుంటారు. సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ అదే. థాయ్‌లాండ్ స్టాక్ మార్కెట్ సూచీ నుంచీ, అక్కడి లావాదేవీల విలువ నుంచీ ఒక్కో అంకె తీసుకుంటే రెండంకెల సంఖ్య వస్తుంది. దాని మీద పందెం. దీన్నే టూడీ అంటారు. త్రీడీ అని ఇంకోటి ఉంది. థాయ్ ప్రభుత్వ లాటరీ నెలకి రెండుసార్లు తీస్తారు కదా, మొదటి బహుమతి నంబర్లో చివరి మూడంకెల మీద ఆడేది అది. ఇవి రెండూ చట్టవిరుద్ధమే. అయినా రాసేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. కలలో పాము వస్తే ఒక నంబరు, కారు నంబరు ప్లేటు చూస్తే ఒక నంబరు, భిక్షువు నోట ఏ మాట వచ్చినా అందులో ఒక నంబరు.

ఇది కొత్త జబ్బేం కాదు. బర్మా చివరి రాజు తీబా గద్దెనెక్కింది 1878లో. ఖజానా నింపుకోవడానికి ఆయన కొలువు మాండలేలో లాటరీలు పెట్టింది. జనం ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకునేదాకా వచ్చింది వ్యవహారం. చివరికి వాటిని ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత తెల్లవాళ్ల కాలంలో రంగూన్‌లో చైనావాళ్ల ముప్పై ఆరు జంతువుల ఆట నడిచేది. ముప్పై ఆరింటిలో ఒక జంతువు పేరు చెప్పి డబ్బు కట్టడమే. అంటే మన కూలీలు ఓడ దిగేనాటికే పందెం రేవులో కాచుకుని ఉంది.

బడి లెక్క

మన బడి లెక్కల పుస్తకాల్లో "సంభావ్యత" అని ఒక పాఠం ఉంటుంది. చాలామందికి చివర్లో వస్తుంది. పరీక్షలు దగ్గరపడి సారు గబగబా చెప్పేస్తాడు. బొమ్మా బొరుసూ, పాచికలూ, సంచిలో ఎర్ర బంతులూ నల్ల బంతులూ. మార్కులొచ్చే పాఠం, సులువు, అంతే అనుకుని మనం కూడా దాటేశాం.

అందులో ఉన్నది ఒక్క భిన్నం. పైన లవం, కింద హారం. మనకి కావాల్సింది ఎన్ని విధాలుగా జరగొచ్చో అది పైన. మొత్తం ఎన్ని విధాలుగా జరగొచ్చో అది కింద. అన్ని పర్యవసానాలకీ సమాన అవకాశం ఉండాలన్నది షరతు. పాచికలో ఆరు పడే అవకాశం ఆరింట ఒకటి. టూడీలో 00 నుంచి 99 దాకా వంద సంఖ్యలు. మీ నంబరు తగిలే అవకాశం వందలో ఒకటి.

నంబరు తగిలితే మామూలుగా ఇచ్చేది 80 రెట్లు. కొందరు 85 ఇస్తారు. వెయ్యి చాట్లు కడితే 80,000. ఎనభై రెట్లు అనేసరికి కళ్లు తిరుగుతాయి. కానీ వందమంది తలా వెయ్యి, తలా ఒక నంబరు మీద కట్టారనుకోండి. రాసేవాడి చేతికి లక్ష వస్తుంది. ఒక్కడికి 80,000 ఇచ్చేస్తాడు. మిగిలిన ఇరవై వేలు వాడివి. వాడికి కల రానక్కర్లేదు, పాము కనపడనక్కర్లేదు.

పాప ప్రశ్న మాత్రం ఇంకోటి. "ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందే కదా?" దీనికి నేను నోటితో జవాబు చెప్పలేదు. బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి, 00 నుంచి 99 దాకా చీటీలు రాయించాను. వాళ్ల నాన్నని కూడా కూర్చోబెట్టాం. చీటీ తియ్యడం, చూడడం, మళ్లీ డబ్బాలో వేసి కుదపడం. రోజుకి రెండుసార్లు, నెలకి ఇరవై రోజులు అనుకుంటే నలభై చీటీలు ఒక నెల కింద లెక్క.

మొదటి నెల 47 రాలేదు. రెండో నెలలో ఒకసారి వచ్చింది. వాళ్ల నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "చూశారా మాస్టారూ!" అని. పాప కాగితం మీద రాసింది: కట్టింది 80,000, వచ్చింది 80,000. మూడో నెల మళ్లీ రాలేదు. కట్టింది 1,20,000, వచ్చింది 80,000. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అసలు ఆటలో ఇలా ఉండదులే" అన్నాడు.

లెక్క ఏం చెప్తుందంటే, ఒకే నంబరు పట్టుకుని నలభైసార్లు ఆడితే, ఒక్కసారి కూడా రాని అవకాశం దాదాపు 67 శాతం. ప్రతిసారీ రాని అవకాశం 0.99. దాన్ని నలభైసార్లు గుణించండి, ఫోన్‌లోనే వస్తుంది. సరే, వందసార్లు ఆడితే ఒక్కసారైనా రావాలి కదా అనుకుంటాం. అప్పుడు కూడా వందమందిలో దాదాపు 37 మందికి ఒక్కసారీ రాదు. చీటీకి జ్ఞాపకం లేదు. నిన్న రాలేదు కాబట్టి ఇవాళ నీకు బాకీ ఉన్నానని అది అనుకోదు.

ఓడ తప్పిన లెక్కల మాస్టారు

దీన్ని ఓపికగా పరీక్షించినవాడు ఒకడున్నాడు. ఆయనా మనలాగే పరాయిదేశంలో ఇరుక్కున్నవాడే. పేరు జాన్ కెరిచ్. దక్షిణాఫ్రికాలో లెక్కలు చెప్పేవాడు. 1940లో చుట్టపుచూపుగా డెన్మార్క్ వెళ్లాడు. అదే సమయానికి హిట్లర్ సైన్యం డెన్మార్క్‌ని ఆక్రమించింది. శత్రుదేశం మనిషని ఆయన్ని పట్టుకుని నిర్బంధ శిబిరంలో పెట్టారు. యుద్ధం అయ్యేదాకా ఇంటి ముఖం చూడలేదు. రోజులెలా గడవాలి? నాణెం ఎగరెయ్యడం మొదలెట్టాడు. మొత్తం పదివేలసార్లు. ప్రతిదీ రాసిపెట్టాడు.

వందసార్లకి బొమ్మ పడింది 44. వెయ్యిసార్లకి 502. పదివేలకి 5,067. ఇక్కడ ఒక తమాషా ఉంది, గమనించండి. వెయ్యి దగ్గర సగం కన్నా తేడా రెండే. పదివేల దగ్గర తేడా అరవై ఏడు. తేడా తగ్గలేదు, పెరిగింది. అయినా శాతం చూస్తే 50.67, సగానికి దగ్గరే. అంటే ఎక్కువ పడిన బొమ్మలకి బదులు తర్వాత బొరుసులు వచ్చి సరిచెయ్యలేదు. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ఆ తేడా లెక్కలోకి రాకుండా పోయింది, అంతే. 1713లో అచ్చయిన జాకబ్ బెర్నూలీ పుస్తకంలో ఈ సూత్రానికి రుజువు ఉంది. కెరిచ్ దాన్ని బొటనవేలితో చేసి చూపించాడు.

"పోయిందంతా ఒక్క దెబ్బతో తిరిగొస్తుంది" అనుకునే మనిషి సరిగ్గా ఇక్కడే పొరబడతాడు.

తాండ్రచెట్టు కింద

మనవాళ్లకి ఈ ఆలోచన కొత్తా? భారతంలో నలుడి కథ గుర్తు చేసుకోండి. జూదంలో రాజ్యం పోయి, భార్యకి దూరమై, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలే పనికి కుదిరాడు. రాజ్యం వదిలి, పేరు మార్చుకుని, ఇంకొకరి బండి నడుపుతున్నాడు. మనలో కొందరికి ఈ మాట దగ్గరగా తగులుతుంది.

దారిలో ఒక తాండ్రచెట్టు కనపడింది. ఆ చెట్టు కాయలతోనే ఆ రోజుల్లో పాచికలాడేవారు. రెండు కొమ్మల మీద ఎన్ని ఆకులున్నాయో, ఎన్ని కాయలున్నాయో ఋతుపర్ణుడు చూసి చెప్పేశాడు. సంస్కృత భారతంలో కాయలు 2,095 అని ఉంటుంది. నలుడు నమ్మలేదు. రథం ఆపి, చెట్టు కొట్టి లెక్కపెట్టాడు. సరిపోయింది. అప్పుడు ఋతుపర్ణుడు చెప్పాడు: నాకు పాచికల మర్మమూ తెలుసు, లెక్కపెట్టే విద్యా తెలుసు అని. ఆ విద్య నేర్చుకున్న క్షణాన నలుణ్ణి పట్టి పీడించిన కలి బయటికొచ్చి ఆ చెట్టులో దూరాడు.

ఈ కథలో జూదమూ, చెట్టంతా లెక్కపెట్టకుండా అంచనా వెయ్యడమూ పక్కపక్కనే ఉన్నాయి. ఐరోపాలో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు 1654లో ఉత్తరాలు రాసుకున్నదీ జూదం గురించే. ఆట మధ్యలో ఆగిపోతే పందెం డబ్బు ఎలా పంచాలన్నది వాళ్ల ప్రశ్న. సంభావ్యతా శాస్త్రం అక్కడ మొదలైందంటారు.

మన కాలంలో ఈ విద్యలో ప్రపంచమంతా పేరు మోసిన తెలుగువాడు సి.ఆర్.రావు గారు. 1920లో హడగలిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదువుకున్నారు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఎ. యుద్ధం రోజుల్లో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు. వెళ్లిన ఉద్యోగం రాలేదు. అక్కడే మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్స్టిట్యూట్ సంగతి తెలిసి, 1941 జనవరి 1న అందులో చేరారు. 1945లో, పాతికేళ్లకి, ఆయన రాసిన పేపరు ఇవాళ్టికీ ప్రపంచమంతా చదువుతున్నారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. కొంచెంలో ఎంత తెలుసుకోగలం, ఎంత తెలుసుకోలేం అన్నదే ఆ పేపరు సారం.

ఊరికి కనపడిన లవం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మా ముత్తాత, ఆయన తమ్ముడు, ఇద్దరూ రంగం వెళ్లారు. ముత్తాత తిరిగొచ్చి పెంకుటిల్లు కట్టాడు. ఊళ్లో ఇప్పటికీ దాన్ని రంగమోళ్ల ఇల్లు అంటారు. తమ్ముడు రాలేదు. ఏమయ్యాడో ఇంట్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. నా చిన్నతనంలో "రంగం వెళ్తే బంగారం" అనే మాట విన్నాను. ఆ మాట పుట్టింది పెంకుటింటి అరుగు మీద. తిరిగిరాని తమ్ముడికి అరుగు లేదు.

పాప డబ్బా చూశాక నాకు ఇది తట్టింది. ఊరు లవం మాత్రమే చూసింది. హారం చూడలేదు.

హారం ఎంత పెద్దదో కొంచెం చెప్తాను. బర్మాలో తెలుగువాళ్లని "కోరంగీలు" అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరది. 1839 తుపానులో ఆ రేవు దెబ్బతినిపోయింది. తర్వాత ఓడలు కాకినాడ, విశాఖ, భీమిలి లాంటి రేవుల నుంచి వెళ్లినా పేరు మాత్రం అదే ఉండిపోయింది. ఐరావతి డెల్టాలో వరి పెరిగేకొద్దీ కూలీలు కావాల్సి వచ్చారు. మేస్త్రీ ఊళ్లోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ టిక్కెట్టు ఆయనే పెట్టుకునేవాడు. అక్కడ కూలిలోంచి పట్టుకునేవాడు. ఇవాళ మన ఏజెంటుకి కట్టే కమీషన్ గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. రేవులో బస్తాలు మొయ్యడం, బియ్యం మిల్లులు, రిక్షా లాగడం, ఇవీ పనులు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ మనుషుల్లో సగానికి పైగా భారతదేశం వాళ్లే.

తెల్ల ప్రభుత్వం దగ్గర లెక్కలు లేక కాదు. 1928లో రంగూన్ కార్మికుల జీవన వ్యయం మీద బెన్నిసన్ అనే అధికారి పెద్ద నివేదిక రాశాడు. బియ్యానికెంత, అద్దెకెంత అని కుటుంబం కుటుంబం విచారించిన నివేదిక. 1933లో ఆండ్రూ అనే ఇంకో అధికారి రంగూన్‌లో భారతీయ కూలీల మీద ఒక పుస్తకమే రాశాడు. కానీ ఓడ ఎక్కేముందు మన ఊరి కుర్రాడికి ఆ పుస్తకాలు ఎవరు చదివి వినిపిస్తారు? వాడికి కనపడింది పెంకుటిల్లు.

1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనిలోకి రాగానే బర్మా వాళ్లని పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలైంది. వందమందికి పైగా చనిపోయారని అధికారుల లెక్క. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. తర్వాతి నెలల్లో దాదాపు ఐదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. చాలామంది కొండలూ అడవులూ దాటి అస్సాం వైపు నడిచారు. దారిలో పోయినవాళ్లు పదివేలని ఒకరు, యాభై వేలకి పైనే అని ఇంకొకరు. అంత తేడా ఎందుకంటే దారిలో లెక్కపెట్టినవాడు లేడు. అరవయ్యో దశకంలో దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మిగిలినవాళ్లలోనూ ఎందరో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వచ్చిన పేరే.

నేను మా ముత్తాతని తప్పుపట్టడం లేదు. కరువొచ్చి, అప్పు పెరిగి, వెళ్లక తప్పని మనిషికి వందలో యాభై అయినా మంచి పందెమే. కానీ పందెం అని తెలిసి వెళ్లడం వేరు, బంగారం అనుకుని వెళ్లడం వేరు.

మన రూము లెక్క

దుబాయ్ తమ్ముడికి జవాబు ఇది. ఎనిమిది మంది కలిసి ఒక టికెట్ కొంటే ఖర్చు ఎనిమిదో వంతు అవుతుంది, బహుమతీ ఎనిమిదో వంతు అవుతుంది. రూపాయికి ఎంత నష్టం అన్నది మారదు. ఒక్కడి మీద పడే దెబ్బ చిన్నదవుతుంది, అంతవరకూ మంచిదే. టికెట్ మీద బహుమతి పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది లవం పక్క కథ. అలాంటి టికెట్లు ఎన్ని అమ్మారో వెతకండి, అది హారం. పేపర్లో ఫలానా జిల్లా వాసికి కోట్లు అని వస్తుంది. అదే రోజు తగలనివాళ్ల పేర్లు వెయ్యాలంటే పేపరు చాలదు.

సింగపూర్‌లో ఉన్నవాళ్లకి ఫోర్‌డీ తెలుసు. అది చట్టబద్ధం, బహుమతులు పైకే రాసి ఉంటాయి, కాబట్టి లెక్క కట్టడం సులువు. "బిగ్" పందెంలో ఒక డాలరుకి మొదటి బహుమతి 2,000, రెండోది 1,000, మూడోది 490, తర్వాత 250 చొప్పున పది, 60 చొప్పున పది. అన్నీ కూడితే 6,590. నంబర్లు మొత్తం పదివేలు. భాగించండి. డాలరు పెడితే సగటున తిరిగొచ్చేది 66 సెంట్లకి కాస్త తక్కువ. సరదాకి ఆడితే ఆడండి. సినిమా టికెట్‌కి పెట్టినట్టు పెట్టండి, ఇంటికి పంపే డబ్బులోంచి కాదు.

పాప వాళ్ల నాన్న మానేశాడా అని మీరు అడుగుతారు. మానలేదు. రోజుకి రెండుసార్లు ఆడేవాడు ఒకసారి చేశాడు. ఇంకో సంగతి, ఇప్పుడు కట్టిన ప్రతిసారీ పాప నోటుబుక్కులో గీత గీస్తుంది. పోయిన నెల ఆ గీతలు చూసి, "ఇంతా?" అన్నాడట. అంతకు ముందు ఆయనకి తగిలిన రోజులే గుర్తుండేవి.

నాకూ ఒక నోటుబుక్కు కావాలి. మీ ఇంట్లో రంగం కథ ఉంటే, తిరిగొచ్చి ఇల్లు కట్టినవాళ్లదే కాకుండా రానివాళ్లదీ పంపండి. పేరు తెలియకపోయినా పర్లేదు. "మా నాయనమ్మ అన్న, భీమిలిలో ఓడెక్కాడు, మళ్లీ ఉత్తరం లేదు" అన్నా చాలు. వాయిస్ మెసేజ్ అయినా సరే. మొదటి గీత మా ముత్తాత తమ్ముడిది, గీశాను. వచ్చే ఎపిసోడ్‌లో 1942 నడక గురించి మాట్లాడుకుందాం.